హెన్రీ వేయని ఆవు

మా ఆత్మకూరులో బోర్డులు రాసే హెన్రీకి ఒక జబ్బు ఉండేది. కన్ను, ముక్కు, తోక ఉన్న ఏ ప్రాణి బొమ్మా వేసేవాడు కాదు. అక్షరాలు రాయమంటే ముత్యాల్లా రాసేవాడు. రంగులు కలపమంటే, ఆ రంగును ఏమని పిలవాలో మనకు తెలియదు గానీ, చూస్తూ నిలబడిపోయేవాళ్ళం. ఆవును వేయమంటే మాత్రం కుంచె కింద పెట్టేసి, "నేనెయ్యనబ్బా, ఓబులయ్య మామ దగ్గరికి పో" అనేవాడు. కోడిపెట్టయినా అంతే, గాంధీగారైనా అంతే.

నేను చెప్పేది తొంభైల నాటి మాట. ఫ్లెక్సీలు ఇంకా రాలేదు. బస్టాండు వీధిలో ఏ అంగడి నెత్తిన చూసినా చేత్తో రాసిన బోర్డే. కొత్త బోర్డు ఎక్కిందంటే ఆ వీధంతా పచ్చి పెయింటు వాసన వేసేది, పనిలేనివాళ్ళు నలుగురు కింద నిలబడి తప్పులు వెతికేవాళ్ళు. ఆ వీధిలోనే నాకు చిన్న ప్రెస్సు ఉండేది. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు అచ్చేసుకునేవాణ్ణి. పక్క గది హెన్రీది. మధ్యలో గోడ ఉంది గానీ అది కప్పు దాకా లేదు. అందుకని హెన్రీ పెట్టుకున్న ప్రతి పేచీ నా చెవిన పడేది.

హెన్రీది కలిగిరి పక్కన మెట్ట పల్లె. మిషన్ బడిలో చదువుకుని, మద్రాసు వెళ్ళి బొమ్మల చదువు చదివాడు. అక్కడే ఒక కంపెనీలో సబ్బు కాగితాలకు, బిస్కెట్ పొట్లాలకు డిజైన్లు వేశాడు. భార్య లిదియమ్మకు ఆత్మకూరులో టీచరు ఉద్యోగం వస్తే, ఉన్న కుంచెలన్నీ గుడ్డసంచిలో వేసుకుని ఆమె వెనక వచ్చేశాడు. పొద్దున బోర్డులు, సాయంత్రం సొంత బొమ్మలు. ఆ సొంత బొమ్మల్లోనూ మనిషి గానీ మాను గానీ ఉండేవి కావు. ఆదివారం చర్చి అయిపోగానే సైకిలెక్కి సంగం దాకా పోయి, పెన్న ఏటిని చూసి వచ్చేవాడు. తర్వాత వారమంతా ఒక గుడ్డ మీద పసుపు మీద పసుపు, దాని మీద ఇంకో పసుపు పూసి, చివర్న సన్నగా ఒక నీలం గీత గీసేవాడు. అది ఎండాకాలం పెన్న. ఇది తెలుసుకోవడానికి నాకు ఒక ఏడు పట్టింది. తెలిసిన తర్వాత మాత్రం బస్సు సంగం దాటుతుంటే, పెన్నే హెన్రీని చూసి కాపీ కొట్టినట్టు అనిపించేది.

మద్రాసులో ఏదో ప్రదర్శనలో అతని బొమ్మలు పెట్టారని, పేపర్లో పేరు కూడా పడిందని లిదియమ్మ చెప్పేది. ఊరు నమ్మలేదు. "బొమ్మలు రాక గీతలు గీస్తా ఉండాడు" అని తీర్మానించేసింది. ఎవరో అది హెన్రీ ముఖానే అన్నారు. అతను బాధపడలేదు. "నిజమే అన్నా, రావు" అని ఒప్పుకుని టీ తాగాడు.

కోదండరామయ్య శెట్టి నెయ్యి, నూనెల హోల్‌సేలు అంగడికి బోర్డు పెట్టించినప్పుడు పెద్ద గొడవే అయింది. ఆయన ఆవును అడిగాడు. హెన్రీ వేయనన్నాడు. సరే, నీకు తోచింది వెయ్యి, నెయ్యి అని తెలియాలి, అంతే అన్నాడాయన. మూడో రోజు బోర్డు చూసుకుంటే అక్షరాల పక్కన గుండ్రంగా పసుపు, దాని అంచున ఎర్రెర్రగా ఏదో కరుగుతున్నట్టు ఒక మరక. శెట్టి గారు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశారు.

"ఏందబ్బా అది?"

"నెయ్యి వాసన."

"వాసనకు బొమ్మేంది?"

"ఆవుకైతే ఉండొచ్చు గానీ, మీరు అమ్మేది ఆవును కాదు గదా."

శెట్టి గారు ఈ మాటకు జవాబు ఆలోచించుకుంటుండగా ఆయన భార్య హనుమాయమ్మ వచ్చి బోర్డును తేరిపార చూసింది. చూసి, ఇంట్లో వెన్న కాస్తున్నప్పుడు గిన్నె అడుగున అచ్చం ఇట్లాగే ఉంటుందని, తనకు ఆకలేస్తోందని చెప్పింది. శెట్టి బోర్డును అట్లాగే ఉండనిచ్చాడు. అయినా మనసు ఒప్పక, ఓబులయ్యను పిలిపించి బోర్డు మూలన ఒక ఆవును వేయించుకున్నాడు. హెన్రీయే దగ్గరుండి ఓబులయ్యకు నిచ్చెన పట్టుకున్నాడు.

కామయ్య సెలూనుదీ అదే కథ. అద్దం మీద క్రాపు దువ్వుకున్న హీరో తలకాయ కావాలన్నాడు కామయ్య. హెన్రీ నల్లటి వంపు గీతలు పైనుంచి కిందికి దించాడు. వెంట్రుకలు రాలుతున్న తీరు అట, అది. బాగానే ఉంది గానీ చూసినవాళ్ళకు వానలా కనబడింది. ఆ వారంలో ఇద్దరు ముగ్గురు వచ్చి, ఇక్కడ గొడుగులు బాగుచేస్తారా అని కామయ్యను అడిగిపోయారు. కామయ్య కత్తెర పట్టుకునే మా వీధికి వచ్చాడు. హెన్రీ అతణ్ణి కూర్చోబెట్టి, టీ తెప్పించి, సైకిలు వెనక ఎక్కించుకుని ఓబులయ్య ఇంటి దగ్గర దించి వచ్చాడు. మరుసటి వారానికి వాన కింద ఒక హీరో తలకాయ వెలిసింది.

పెండ్లి పత్రికలు నా వ్యాపారం గనక ఆ దెబ్బ నేనూ తిన్నాను. రాజమోహన్ అని హైస్కూల్లో లెక్కల మాస్టరు, తన పెండ్లి పత్రిక కొత్తరకంగా ఉండాలన్నాడు. నేను హెన్రీకి చెప్పాను. పత్రిక మీద రెండు గీతలు వేశాడు, ఒకటి నారింజ రంగు, ఒకటి నీలం. దూరం నుంచి వచ్చి మధ్యలో కలిసి ఒకటిగా పోతాయి. రాజమోహన్‌కు కళ్ళనీళ్ళు వచ్చినంత నచ్చింది. పిల్ల తండ్రికే నచ్చలేదు. పత్రిక తెచ్చి హెన్రీ ముందు పెట్టి, ఇందులో పెండ్లికొడుకు ఏదో చెప్పమన్నాడు.

హెన్రీ కాసేపు చూసి, "కొంచెం వంకరగా ఉండేది" అన్నాడు.

ఇక ఓబులయ్య సంగతి. అరవై దాటిన మనిషి. చిన్నప్పుడు నాటకాల కంపెనీ వెంట తిరిగి తెరల మీద అడవులు, అంతఃపురాలు వేశాడట. కంపెనీ మూతపడ్డాక ఆత్మకూరులో దిగిపోయాడు. ఇటు కలువాయి నుంచి అటు ఉదయగిరి దాకా గోడ మీద ఆవున్నా, నాయకుడున్నా, పాలసీసా పట్టుకున్న పసిపాపున్నా అది ఆయన చేతిదే. ఆయన ఆవులకు సిగ్గుపడుతున్న ఆడపిల్లల్లా పొడుగాటి కనురెప్పలుండేవి. ఆయన వేసిన నాయకులందరిదీ ఒకటే మూతి. పార్టీ మారినా ఓబులయ్య గోడ మీద ఎవరూ మారినట్టుండేది కాదు. అయినా ఊరికి ఆయనంటే అభిమానం. హెన్రీకి మరీను. దారిలో కనబడితే సైకిలు దిగిపోయేవాడు.

అట్లా కొన్నేళ్ళు గడిచాక, ఒక ఏడు వేసవిలో ఓబులయ్య ఆవులు తేడాగా రావడం మొదలైంది. ముందు ఒక దాణా అంగడి బోర్డు మీద ఆవుకు కొమ్ములు చెవుల కింద మొలిచాయి. తర్వాత ఒక పాల కేంద్రం గోడ మీద దూడ పొదుగు దగ్గరికి పోకుండా తల్లి మెడ దగ్గర వెతుక్కుంటోంది. టీ అంగడి దగ్గర అందరికీ ఇదే నవ్వు. పెద్దాయన కూడా హెన్రీ దగ్గర చేరి గీతల బొమ్మలు నేర్చుకుంటున్నాడని ఒకరన్నారు. నేనూ నవ్వాను. హెన్రీ నవ్వలేదు. గ్లాసు సగంలో పెట్టేసి లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వారానికే హెన్రీ గది తలుపు మూతపడింది. నాకు చేతినిండా పత్రికలున్నాయి, డిజైన్లు కావాలి, మనిషి లేడు. ఇంటికి వెళ్ళి లిదియమ్మను అడిగాను. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తల ఎత్తకుండానే చెప్పింది, "ఉదయగిరికి పోయినాడన్నా. పెద్దాయనకు రంగులు కలిపేదానికి."

నాకు అర్థం కాలేదు. మద్రాసులో చదువుకున్నవాడు, ఓబులయ్యకు రంగులు కలపడమేంటి? పైగా అక్కడ ఓబులయ్య ఒప్పుకున్న పని నాకు తెలుసు. అక్కడి చర్చి పాస్టరు డేవిడ్‌రాజు గారు తమ చర్చి వార్షికోత్సవానికి పాటల పుస్తకాలు నా దగ్గరే అచ్చేయిస్తున్నారు. సండే స్కూలు హాలు గోడ నిండా మంచి కాపరిగా యేసు బొమ్మ కావాలని, గొర్రెల మంద, లోయ, వాగు అన్నీ ఉండాలని, ఓబులయ్యకు చెప్పామని ఆయనే అన్నారు. గొర్రెల మంద అంటే ఎన్ని కళ్ళు, ఎన్ని ముక్కులు, ఎన్ని తోకలు. హెన్రీ ఆ గోడ దరిదాపులకు ఎట్లా పోయాడా అనుకున్నాను.

పుస్తకాలు కట్టలు కట్టి నేనే బస్సులో వేసుకుని ఉదయగిరి వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. కొండ మీద ఎండ తెల్లగా ఉంది. పాస్టరు గారు పుస్తకాలు హాలు పక్కగదిలో పెట్టమని, హాల్లోకి మాత్రం ఎవరూ పోవడానికి లేదని, బొమ్మ పూర్తయ్యేదాకా తనక్కూడా చూపించనని ఓబులయ్య షరతు పెట్టాడని చెప్పారు. నేను కట్టలు మోసుకుని పక్కగదిలోకి పోయాను. అక్కడి నుంచి హాల్లోకి ఒక తలుపుంది. అది ఓరగా తెరిచి ఉంది.

లోపల ఓబులయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముఖం గోడ వైపే ఉంది గానీ, చూపు గోడ మీద ఆనడం లేదు. రెండు కళ్ళల్లోనూ బూడిదరంగు పొర. నిచ్చెన మీద హెన్రీ.

"కాపరి చూపు కిందికి దించు. చంకలో గొర్రెపిల్ల మీద ఉండాల" అన్నాడు ఓబులయ్య.

"అట్నే మామా."

"దించినావా?"

"దించినా."

"పిల్ల బెదరకూడదు. నిద్రపోయే ముందు ఉంటాది చూడు, అట్లుండాల."

హెన్రీ వేస్తున్నాడు. నేను కట్ట చేతుల్లోంచి దించడం మరిచిపోయాను. ఆ కాపరి చేతి మీద నరాలు కనబడుతున్నాయి. గొర్రెల ఉన్ని వేలితో పాయ తీయొచ్చు అన్నట్టుంది. వెనక ఉన్నది పరాయి దేశపు లోయ కాదు, మా ఉదయగిరి కొండ. దాని మీద కోటగోడ, అంచున విరిగిన రాళ్ళు. వెనకాల ఒక ముసలి గొర్రె మందతో నడవలేక ఆగిపోయి, కాపరి తనను చూశాడా లేదా అని మెడ సాచి చూస్తోంది. 

కాసేపటికి కుంచెలు కడుక్కోవడానికి హెన్రీ పంపు దగ్గరికి వచ్చాడు. అక్కడ పట్టుకున్నాను.

"నీకు బొమ్మలొచ్చా?" అన్నాను.

"మద్రాసులో మాకు అన్నేండ్లు ఏం నేర్పినారనుకున్నావు సాయీ?"

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ నా పత్రికల మీద ఒక్క పావురాన్ని వేయమని బతిమాలినా వేయలేదు. అదే అడిగాను. అతను కుంచెను గుడ్డతో తుడుస్తూ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఊరికి వచ్చిన కొత్తలో కలువాయిలో ఒక పాల అంగడికి ఆవును వేశాడట. మంచి ఆవు. రోడ్డు మీద పోయేవాళ్ళు నిలబడి చూశారు. ఇకనుంచి అందరం నీ దగ్గరే వేయించుకుంటామన్నారు. ఆ గుంపు వెనక ఓబులయ్య కూడా నిలబడి ఉన్నాడు. చాలాసేపు చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి, మళ్ళీ అదే భుజం మీద వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఆ మనిషి నడక చూసినాను. ఆ పొద్దే నిచ్చెనేసుకోని నా ఆవుకు నేనే సున్నం కొట్టినా" అన్నాడు హెన్రీ.

"అందుకని జన్మంతా గీతలేనా?"

"గీతలంటే నాకు ప్రాణం, అది అబద్ధం కాదు. ఇంట్లో వేసుకునేది ఎవురి కోసమూ కాదు. బోర్డుల సంగతి వేరే. ఆయనకు ఆవొక్కటే వచ్చు. నాకు ఇంకా శానా వచ్చు. ఇంత చిన్న ఊళ్ళో ఆవుకు ఇద్దరెందుకు?"

ఎవరికీ చెప్పొద్దని నా చేత మాట తీసుకున్నాడు. ఓబులయ్య కళ్ళ సంగతి బయటపడితే ఆయనకు ఇక ఎవరూ పని చెప్పరని, ఆ భయంతోనే ఆయన తడుముకుంటూ బొమ్మలు వేస్తూ వచ్చాడని అప్పుడే తెలిసింది. చెవుల కింద మొలిచిన కొమ్ములను చూసి నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి, పంపు కింద ముఖం కడుక్కున్నాను.

వార్షికోత్సవం నాడు హాలు తలుపులు తీశారు. పిల్లలు ముందుకు పరిగెత్తి గొర్రెలను తాకి చూశారు, పెయింటు ఆరిందో లేదోనని పాస్టరు గారు వాళ్ళ వెనక పరిగెత్తారు. ముసలివాళ్ళు కొండను, కోటగోడను గుర్తుపట్టి ఒకరికొకరు చూపించుకున్నారు. ఓబులయ్యకు శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. ఆయన దాన్ని తడుముకుని పట్టుకున్నాడు. నేను కూర్చున్నచోటే ముందుకు జరిగాను. ఇన్నాళ్ళూ కళ్ళ సంగతి దాచిన మనిషి, ఇప్పుడు ఏం చెబుతాడో అని.

"నా కండ్లకు పొరలొచ్చినాయి. ఈ బొమ్మకు నోరు నాది, చెయ్యి హెన్రీది" అన్నాడు. ఆయన ఇంకా అన్నాడు, "పాపం, ఆ అబ్బాయికి బొమ్మలు రావని ఊరంతా అంటా ఉండారు. రాకేం. దగ్గర కూచోని చెప్పేవాళ్ళు లేక గానీ. నేను చెప్తా పోయినా, వాడు ఏస్తా పోయినాడు. బాగా పట్టుకున్నాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య హెన్రీ లేచి, వంగి ఓబులయ్య కాళ్ళకు దండం పెట్టాడు. వెనక వరసలో లిదియమ్మ కొంగుతో నోరు మూసుకుంది. నవ్వుకో ఏడుపుకో నాకు తెలియలేదు.

ఆ మాట అట్లా బయటపడటం మంచికే అయింది. చర్చివాళ్ళే పూనుకుని ఓబులయ్యను నెల్లూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు. మందపాటి కళ్ళజోడుతో తిరిగొచ్చాడు. రాగానే ఆయన అడిగింది ఉదయగిరి పోదామని. ముగ్గురం బస్సెక్కాం. దారి పొడుగునా కిటికీలోంచి కనబడిన ప్రతి పశువునూ పరీక్షగా చూసుకుంటూ వచ్చాడు. హెన్రీ మాత్రం, పరీక్ష ఫలితాలకు పోతున్న పిల్లవాడిలా చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడు.

హాల్లోకి వెళ్ళి ఓబులయ్య గోడ ముందు నిలబడ్డాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిచాడు. కాపరి చేతి దగ్గర ఆగాడు. వెనకబడ్డ ముసలి గొర్రె దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు. యాభై ఏళ్ళుగా కుంచె పట్టిన మనిషి. ఆ చెయ్యి ఎట్లాంటిదో, నోటితో చెబితే వచ్చేదో కాదో ఆయనకు తెలియకుండా ఉంటుందా? నేను హెన్రీ వైపు చూశాను. హెన్రీ నేల వైపు చూస్తున్నాడు.

"ఇదంతా నేను చెప్పిందేనా?" అని అడిగాడు ఓబులయ్య.

"నువ్వు చెప్పిందే మామా."

"ఈ ముసలి గొర్రె?"

"దాన్నీ నువ్వే చెప్పినావు. మరిచిపోయుంటావు."

ఓబులయ్య చేత్తో గోడను ఒకసారి నిమిరాడు. తర్వాత గొంతు సవరించుకుని, కర్రతో మూలనున్న ఒక గొర్రెను చూపించాడు.

"ఆ చెవి మాత్రం నేను చెప్పినట్టు ఎయ్యలేదు. అంత వాలిపోతాదా చెవి? కొంచెం వెడల్పుగా, పక్కకు చాచుకోని ఉండాల."

గొర్రె చెవి అట్లా ఉండదని నాకే తెలుసు. హెన్రీకి ఇంకా బాగా తెలుసు. అతను వెళ్ళి నిచ్చెన తెచ్చుకున్నాడు, పాస్టరు గారి దగ్గర మిగిలిన డబ్బాలు అడిగి రంగు కలుపుకున్నాడు. ఓబులయ్య కుర్చీ లాక్కుని కూర్చుని, ఇంకొంచెం పక్కకు, ఇంకొంచెం వెడల్పు, అని చెబుతూ పోయాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. హెన్రీ ముఖం కూడా.

ఓబులయ్య పోయి చాలాకాలమైంది గనక ఈ సంగతి ఇప్పుడు చెప్పినా తప్పు లేదనుకుంటున్నాను. ఉదయగిరి వెళ్ళినప్పుడు ఆ హాల్లోకి ఒకసారి తొంగి చూడండి. మందలో ఒక గొర్రెకు మాత్రం ఆవు చెవి ఉంటుంది. మిగతా బొమ్మ మొత్తం కంటే దాన్నే హెన్రీ ఎక్కువ శ్రద్ధగా వేశాడు.